దుమ్ము లేవకముందే ఆపాలి: పారిశుద్ధ్య కార్మికులకు, మేస్త్రీలకు సమగ్ర మార్గదర్శి

మా అమ్మ ఇరవై రెండేళ్లు రోడ్లు ఊడ్చింది. పొద్దున పని ముగించుకుని టీ కొట్టు దగ్గర కూర్చుని, ముక్కుకు కట్టుకున్న కొంగు విప్పేది. లోపలి వైపు రెండు నల్లటి మచ్చలు ఉండేవి, సరిగ్గా రెండు ముక్కు రంధ్రాలు ఆనిన చోట. "చూశావా, దుమ్మంతా బట్టకే పట్టింది. లోపలికి పోలేదు" అని నాకు చూపించేది. నేనూ అదే నమ్మాను. పని భద్రత మీద శిక్షణ ఇచ్చే ఉద్యోగంలో చేరాక గానీ ఆ మచ్చల అర్థం నాకు తెలియలేదు. అవి గాలి లోపలికి వెళ్లిన దారి గుర్తులు. బట్టకు పట్టింది ముతక దుమ్ము. సన్నటిది నేత సందుల్లోంచి దర్జాగా లోపలికి వెళ్లిపోయింది. ఇప్పుడు మా అమ్మ మెట్లెక్కాలంటే నాలుగు మెట్లకోసారి ఆగాలి.

ఇది రోడ్లు ఊడ్చే అక్కల కోసం, చెత్త బండ్ల మీద పనిచేసే అన్నల కోసం, వాళ్ల చేత పని చేయించే మేస్త్రీలు, శానిటరీ జవాన్లు, ఇన్‌స్పెక్టర్ల కోసం రాస్తున్నాను. చదువు రాని తల్లికి చదివి వినిపించే పిల్లల కోసం కూడా. అన్నిటికంటే ముందు ఒక్క మాట మనసులో పెట్టుకోండి: దుమ్ము నేల మీద ఉన్నప్పుడు ఆపడం తేలిక, గాల్లోకి లేచాక చాలా కష్టం. మాస్కు కావాలి, కానీ అది చివరి అడ్డు. మన ఊళ్లలో వరస తిరగబడింది. చేతిలో ఒక మాస్కు పెట్టి, ఎండి బూడిదలా ఉన్న రోడ్డు మీదకు పంపేసి, బాధ్యత తీరిపోయిందనుకుంటున్నారు.

ముందు ఏ దుమ్మో గుర్తుపట్టండి

తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అందులో ఏడో వంతు, అంటే 10 మైక్రాన్లు, అంతకంటే చిన్న దుమ్ము ముక్కు, గొంతు దాటి లోపలికి దిగుతుంది. 2.5 మైక్రాన్ల కంటే సన్నటిది ఊపిరితిత్తుల చివర్లో ఉండే గాలి సంచుల దాకా పోతుంది. పీఎం 10, పీఎం 2.5 అని వార్తల్లో చెప్పేవి ఇవే. గాలి కదలకుండా ఉంటే 10 మైక్రాన్ల రేణువు ముక్కు ఎత్తు నుంచి నేలకు దిగడానికి ఎనిమిది నిమిషాలు పడుతుంది. 2.5 మైక్రాన్లదైతే రెండు గంటల పైనే. మీరు ఊడ్చి పక్క వీధికి వెళ్లిపోయాక కూడా ఆ దుమ్ము అక్కడే తేలుతుంటుంది. వెనకాల వచ్చే చెత్త బండి డ్రైవరూ, బడికి పోయే పిల్లలూ దాన్నే పీలుస్తారు.

మన దేశంలో 24 గంటల సగటుకు పెట్టిన హద్దు ఘనపు మీటరు గాలిలో పీఎం 10 అయితే 100 మైక్రోగ్రాములు, పీఎం 2.5 అయితే 60. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన హద్దు ఇంకా తక్కువ, 45, 15. ఇవన్నీ ఊరి మొత్తం గాలికి వేసే లెక్కలు. కూడలిలో గాలి నాణ్యత బోర్డు ఆకుపచ్చ రంగు చూపిస్తున్నా, చీపురు పక్కన వంగిన మనిషి ముక్కు దగ్గర గాలి అలా ఉండదు.

ఇప్పుడు రోడ్డు మీద దొరికే దుమ్ముల సంగతి. డివైడర్ వారగా, ఫ్లైఓవర్ల మీద పేరుకునే సన్న మట్టిలో ఇసుక పొడి ఉంటుంది, టైర్ల అరుగుదల, బ్రేకుల పొడి ఉంటాయి. ఇసుక అంటే సిలికా. అది బాగా నలిగి సన్నటి పొడయ్యాక ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తుల్లో మచ్చలు కడతాయి. దాన్నే సిలికోసిస్ అంటారు. దానికి నయం చేసే మందు లేదు. సిలికా పట్టిన ఊపిరితిత్తులకు టీబీ కూడా త్వరగా అంటుకుంటుంది. ఇళ్లు కట్టేచోట, పగలగొట్టేచోట పడేసే మట్టిలో ఇదే సిలికా ఇంకా ఎక్కువ. టైల్స్ కోసిన తెల్ల పొడి మరీ చెడ్డది. ఆ కుప్పలో విరిగిన పాత సిమెంటు రేకులు కనిపిస్తే మరింత జాగ్రత్త పడండి. మన దగ్గర పాత రేకుల్లో ఎక్కువ భాగం ఆస్బెస్టాస్ కలిపినవే. వాటి నార ఊపిరితిత్తుల్లో చేరితే పాతిక, ముప్పై ఏళ్ల తర్వాత క్యాన్సర్‌గా బయటపడవచ్చు. రేకును తొక్కి విరచకండి, సుత్తితో కొట్టకండి. నీళ్లతో బాగా తడిపి, ఉన్న ముక్క ఉన్నట్టే మందపాటి సంచిలో పెట్టి మూతి కట్టండి.

కాలువలోంచి తీసిన పూడిక గట్టు మీద రెండు రోజులు వదిలేస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు. నల్లగా తడిగా ఉన్నది ఎండి, బండ్ల కింద నలిగి, తిరిగి దుమ్మవుతుంది. మామూలు దుమ్ముకు తోడు మురుగులోని క్రిములు కూడా అందులో ఉంటాయి. తీసిన రోజే, తడి ఆరకముందే ఎత్తేయాలి. చెత్త కాల్చిన బూడిదను ఎప్పుడూ పొడిగా ఊడ్చకూడదు. ఫ్లైఓవర్ల కింద, పాత ఆఫీసుల మెట్ల మీద గట్టిపడిన పావురాల రెట్టను గీకితే లేచే పొడి కొందరి ఊపిరితిత్తులకు అస్సలు పడదు. దగ్గు, ఆయాసం, జ్వరం వస్తాయి. దాన్ని నానబెట్టి మెత్తబడ్డాకే తీయాలి.

నీళ్లు: ఈ ఒక్క పని సరిగ్గా చేస్తే సగం గండం గడిచినట్టే

మట్టి వాకిలి ఊడ్చేటప్పుడు దుమ్ము లేస్తుంటే మన ఇళ్లలో పెద్దవాళ్లు ఏం చేసేవాళ్లు? చెంబులో నీళ్లు తీసుకుని వేళ్లతో నాలుగు చిలకరింపులు చిలకరించి, అప్పుడు చీపురు పట్టేవాళ్లు. ఎవరూ పుస్తకం చదివి నేర్చుకోలేదు. ఇంటి ముందు ఇంత జాగ్రత్త తెలిసిన ఆడవాళ్లనే, తెల్లారకముందే రోడ్డు మీదకు తీసుకెళ్లి పొడిగా ఊడ్చమంటున్నాం. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

ఎలా చేయాలంటే: చెట్లకు నీళ్లు పోసే రోజ్ క్యాన్ ఒకటి, పది లీటర్లది, తోపుడు బండికి తగిలించుకోండి. అది లేకపోతే పెద్ద ప్లాస్టిక్ సీసా మూతకు పది పదిహేను చిల్లులు పెట్టినా పని జరుగుతుంది. రోడ్డంతా తడపకండి. దుమ్ము పేరుకునేది అంచున, డివైడర్ వారగా, మూడు నాలుగు అడుగుల పట్టీలో. అక్కడే చల్లండి. చదరపు మీటరుకు పావు లీటరు కంటే ఎక్కువ అక్కర్లేదు. చల్లాక రెండు నిమిషాలు ఆగండి. ఈ ఆగడమే చాలామంది చేయరు. నీళ్లు పడిన వెంటనే ఊడిస్తే పైపొర మాత్రమే తడిసి, కింది పొడి లేస్తుంది. మట్టి రంగు ముదురుగా మారాలి, కానీ నీళ్లు నిలవకూడదు. గ్లౌజు వేసుకున్న చేత్తో కొంచెం తీసి పిడికిలి బిగించి వదిలి చూడండి. పొడిగా రాలితే నీళ్లు చాలలేదు. ముద్దగా అంటుకుంటే ఎక్కువయ్యాయి. విడివిడిగా, బరువుగా రాలితే సరిపోయాయి.

ఎక్కువ పోయడం కూడా తప్పే. బురదైతే చీపురుకు పట్టుకుంటుంది, చేతులు నొప్పి పుడతాయి, మట్టి సగం రోడ్డు మీదే ఉండిపోయి ఎండాక మళ్లీ దుమ్మవుతుంది. బండ్ల మీద వెళ్లేవాళ్లు జారి పడే ప్రమాదం కూడా ఉంది. మలుపుల్లో, వంతెన దిగే చోట చాలా తక్కువగా చల్లండి. మురుగు శుద్ధి చేసిన నీళ్లు ట్యాంకర్‌లో ఇస్తే సన్నటి తుంపరగా కొట్టకండి. పెద్ద చుక్కలు పడేలా, నేలకు దగ్గరగా చల్లండి. తుంపరైతే అందులో మిగిలిన క్రిములను మీరే పీలుస్తారు.

నీళ్లు చల్లితే పని ఆలస్యమవుతుందని మేస్త్రీలు అంటారు. మొదటి మూడు రోజులు నిజంగానే ఆలస్యమవుతుంది. తర్వాత ఇద్దరు ఇద్దరుగా జట్టు కడితే సర్దుకుంటుంది. ఒకరు ముందు చల్లుకుంటూ వెళ్తారు, ఇంకొకరు రెండు నిమిషాలు వెనకగా ఊడ్చుకుంటూ వస్తారు, గంటకోసారి పని మార్చుకుంటారు.

నమ్మకం కుదరకపోతే ఈ పరీక్ష చేసి చూడండి. నేను ప్రతి శిక్షణలో చేయిస్తాను. పాత తెల్ల పంచె నుంచి జానెడు ముక్కలు రెండు చింపి, తడిపి, గట్టిగా పిండండి. వీధి మొదటి సగంలో ఒక ముక్కను కర్రకు కట్టి, ముక్కు ఎత్తున, గాలి వెళ్లే వైపు నిలబెట్టి, పావుగంట పొడిగా ఊడ్చండి. రెండో సగంలో రెండో ముక్క పెట్టి, నీళ్లు చల్లి పావుగంట ఊడ్చండి. రెండు ముక్కలు పక్కపక్కన పరిచి చూడండి. ఒక బ్యాచ్‌లో పదిహేడేళ్లుగా పనిచేస్తున్న ఒక అక్క మొదటి ముక్కను వేలితో రుద్ది, ఆ మసి పట్టిన వేలును అలాగే పట్టుకుని చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "రోజూ ఇదా సార్?" అంది. ఆ తర్వాత నేను చెప్పాల్సింది పెద్దగా మిగల్లేదు.

చీపురు పట్టే తీరు

గాలి ఎటు నుంచి వీస్తోందో చూసుకోండి. చిటికెడు ఎండుటాకుల పొడి వదిలితే తెలిసిపోతుంది. గాలికి వీపు పెట్టి, దుమ్ము మీ ముందుకు పోయేలా ఊడ్చండి. రోడ్డు మలుపు తిరిగితే మీరూ వైపు మారాలి.

చీపురును నేలకు ఆనించి లాగండి. ఊపు చివర్లో పైకి ఎగరేయకండి. దుమ్ము ఎక్కువగా లేచేది ఊడ్చేటప్పుడు కాదు, ఆ చివరి విసురులో. చిన్న చిన్న లాగుళ్లు, మూరెడు మూరెడు. పొట్టి చీపురుతో వంగి ఊడిస్తే నడుము పోతుంది, ముక్కు కూడా దుమ్ముకు అడుగు దూరంలోకి వస్తుంది. నిలబడి ఊడ్చేలా పొడుగు కర్ర కట్టించుకోండి. కొబ్బరి ఈనెల చీపురు చివర్లు అరిగి మొద్దుబారితే మట్టిని పట్టదు, చిమ్ముతుంది. అరిగింది మార్చమని అడగడం మీ హక్కు. చీపురును గోడకో, డివైడర్‌కో కొట్టి దులపకండి.

వరసగా ఒకరి వెనక ఒకరు ఊడ్చేటప్పుడు వెనకున్నవాళ్లు ముందువాళ్ల దుమ్మంతా తింటారు. కనీసం పది పదిహేను అడుగులు ఎడంగా, పక్కకు జరిగి నడవండి. కుప్పలు చిన్నవిగా పెట్టి వెంటవెంటనే ఎత్తేయండి. పెద్ద కుప్ప పెట్టి "బండి వచ్చాక ఎత్తుదాం" అనుకుంటే, ఈలోపు ఒక లారీ పోయినా మీ గంట కష్టం గాల్లో కలుస్తుంది.

చలికాలం తెల్లవారుజామున ఇంకో సంగతి ఉంది. నేల దగ్గర చల్లగాలి, పైన కాస్త వెచ్చటి గాలి ఉండి, కిందిది పైకి పోదు. దుమ్ము, పొగ మూత పెట్టినట్టు కిందే ఉండిపోతాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, ముఖ్యంగా పెద్ద రోడ్ల మీద, వీలైతే ముందు చెత్త ఏరే పని పెట్టి, కాస్త ఎండ పొడిచాక సన్న మట్టి ఊడ్చే పని పెట్టాలి. ఇది మేస్త్రీ చేతిలో ఉన్న పని. ఖర్చేమీ లేదు. దీపావళి మర్నాడు టపాసుల కాగితాలు ఊడ్చేవాళ్లకు మాత్రం కచ్చితంగా ముందు నీళ్లు చల్లించాలి. ఆ కాగితాల్లో మందు పొడి మిగిలి ఉంటుంది.

ఎత్తడం, బండి నింపడం, డంపింగ్ యార్డు

తట్టను బండి పైనుంచి గుమ్మరించకండి. బండి అంచు లోపలికి దించి, వంచండి. రెండడుగుల ఎత్తు తగ్గితే లేచే దుమ్ము ఎంత తగ్గుతుందో మీకే కనిపిస్తుంది. నిండిన బండి మీద పట్టా కప్పాలి. చిన్న బండ్ల చెత్తను పెద్ద బండ్లలోకి మార్చే ట్రాన్స్‌ఫర్ స్టేషన్‌లో లారీ వెనక తలుపు తెరిచి దించేటప్పుడు మనుషులు పక్కకు తప్పుకుని, దుమ్ము అణిగాక దగ్గరకు రావాలి. లారీ వెనకే నిలబడి చేతులతో సైగ చేసే అలవాటు చాలాచోట్ల ఉంది. ఆ మనిషి ఒక్క పూటలో పీల్చేది లెక్క వేస్తే గుండె బరువెక్కుతుంది.

ఊడ్చే యంత్రాలు వచ్చినచోట దుమ్ము బాధ తీరిందనుకోవద్దు. యంత్రం ముందు నీళ్లు చిమ్మే గొట్టాలు పనిచేస్తున్నాయా, వడపోత సంచి శుభ్రంగా ఉందా అన్నది రోజూ చూడాలి. ట్యాంకులో నీళ్లు లేకుండా నడిపితే అది దుమ్మును ఎగరేసే యంత్రమే. దాని తొట్టి శుభ్రం చేసేవాళ్లకు అసలైన మాస్కు, తడి పని రెండూ తప్పనిసరి.

కట్టుబడి వ్యర్థాన్ని మామూలు చెత్తలో కలపకుండా విడిగా పంపాలి. హైదరాబాద్‌లో జీడిమెట్ల, ఫతుల్లాగూడల్లో దాని కోసమే ప్లాంట్లు ఉన్నాయి. చెత్తకు నిప్పు పెట్టమని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. బహిరంగంగా చెత్త కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 రూపాయల జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే చెప్పింది.

సున్నం, బ్లీచింగ్ చల్లేటప్పుడు

జాతర వచ్చినా, మంత్రి గారు వస్తున్నా, వానలు మొదలైనా మన ఊళ్లలో మొదట జరిగేది రోడ్డుకు రెండు వైపులా తెల్ల గీత. తట్ట చంకన పెట్టుకుని గుప్పెడు గుప్పెడు విసిరే అక్కలను ఎన్నిసార్లు చూశానో. పొడి సున్నం కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. బ్లీచింగ్ పొడి గొంతును, ఊపిరితిత్తులను మంట పెడుతుంది.

చేత్తో విసరకండి. డబ్బా అడుగున చిల్లులు పెట్టి, దానికి కర్ర బిగించి, మోకాలి కంటే కింద నుంచి, గాలికి వీపు పెట్టి చల్లండి. కళ్లకు మూసి ఉండే అద్దాలు, చేతులకు రబ్బరు గ్లౌజులు ఉండాలి. బ్లీచింగ్‌ను, మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌ను ఎప్పుడూ ఒకే బకెట్‌లో, ఒకే చోట కలపకండి. క్లోరిన్ గ్యాస్ పుట్టి నిమిషాల్లో ఊపిరి ఆడకుండా చేస్తుంది. సున్నమో, బ్లీచింగో కంట్లో పడితే రుద్దకుండా, వెంటనే మంచినీళ్లతో కనీసం ఇరవై నిమిషాలు కడుగుతూనే ఉండండి. ఆ తర్వాతే ఆసుపత్రికి బయల్దేరండి. పక్కనున్నవాళ్లు ఆలోపు 108కి ఫోన్ చేయవచ్చు. ఈ పనికి వెళ్లే ప్రతి జట్టు దగ్గరా ఇరవై లీటర్ల మంచినీళ్ల క్యాన్ ఉండాలి. ఈ మాట నేను బతిమాలి చెబుతున్నాను.

మాస్కు: ఏది, ఎలా

కొంగు, టవలు, కర్చీఫు, నీలం రంగు సర్జికల్ మాస్కు, ఇవేవీ సన్న దుమ్మును ఆపవు. వాటికి అంచుల దగ్గర పట్టు ఉండదు, గాలి పక్కల నుంచి దూరిపోతుంది. కావాల్సింది ఎన్95 గానీ, దాదాపు అలాంటిదే అయిన ఎఫ్ఎఫ్‌పీ2 గానీ. ఎన్95 అంటే 0.3 మైక్రాన్ల రేణువుల్లో కూడా నూటికి 95 ఆపేది అని. మన దేశంలో ఇలాంటి మాస్కులకు ఉన్న ప్రమాణం ఐఎస్ 9473. ఆ అంకె, ఐఎస్ఐ గుర్తు ముద్రించి ఉన్నవి తీసుకోండి. చెవులకు తగిలించేవాటి కంటే తల వెనక రెండు పట్టీలు ఉన్నవి బాగా బిగుస్తాయి. గాలి వదిలే చిన్న కవాటం ఉన్నది దుమ్ము పనికి మంచిదే, ఎండలో ఊపిరి తేలికవుతుంది. ఇంకా నయం, రబ్బరుతో చేసిన సగం ముఖం మాస్కు ఒకటి మనిషికి ఇచ్చి, ఫిల్టర్లు మాత్రం మార్చుకుంటూ పోవడం. మొదట ఖర్చనిపిస్తుంది, ఏడాది లెక్క వేస్తే కలిసొస్తుంది.

పెట్టుకునే విధానం. చేతులు కడుక్కుని, మాస్కును అరచేతిలో గిన్నెలా పట్టుకుని గడ్డం కింద నుంచి ముక్కు మీదకు తెచ్చి ఆనించండి. పై పట్టీ నడినెత్తికి, కింది పట్టీ చెవుల కిందుగా మెడ వెనకకు. ముక్కు మీది రేకును ఒక్క చేత్తో నొక్కితే మధ్యలో మడత పడి సందు మిగులుతుంది, అందుకే రెండు చేతుల వేళ్లతో రెండు పక్కలా నొక్కండి. ఇప్పుడు మాస్కు మీద రెండు అరచేతులు కప్పి గట్టిగా ఊపిరి వదలండి. కళ్ల దగ్గరో, బుగ్గల దగ్గరో గాలి తగిలితే పట్టు లేదన్నమాట. సర్దుకుని మళ్లీ చూడండి. కవాటం ఉన్నదైతే గట్టిగా లోపలికి పీల్చి చూడాలి. మాస్కు ముఖానికి అతుక్కున్నట్టు లోపలికి లాగాలి.

మాస్కు కింద కొంగు పెట్టుకోవద్దు. చెమట పడుతుందని చాలామంది లోపల బట్ట పెడతారు, దాంతో పట్టు మొత్తం పోతుంది. ఎండకు కొంగు కావాలంటే మాస్కు పైన కట్టుకోండి. మగవాళ్లకు గడ్డం పెరిగి ఉంటే మాస్కు పెట్టినా పెట్టనట్టే. ఉతకకండి, ఉతికితే వడపోసే గుణం పోతుంది. ఊపిరి బరువుగా ఆడుతున్నా, తడిసినా, పట్టీ సాగినా కొత్తది కావాలి. మురికి రోడ్డు పనికి ఒక్కో షిఫ్టుకు ఒక్కోటి లెక్క. నెలకు ఒక్క మాస్కు ఇచ్చి సంతకం పెట్టించుకోవడం రికార్డు కోసం చేసే పని. కార్మికురాలి ఊపిరికి దానితో ఒరిగేదేమీ లేదు.

మే నెల ఎండలో ఆరేడు గంటలు మాస్కుతో ఉండటం ఎవరి వల్లా కాదు. గంటకోసారి, దుమ్ముకు దూరంగా, నీడలో పది నిమిషాలు తీసేసి నీళ్లు తాగండి. పొగాకు, జర్దా నమిలేవాళ్లు ఉమ్మడానికి మాటిమాటికీ మాస్కు కిందికి లాగుతారు. ప్రతిసారీ మురికి గ్లౌజు నోటి దగ్గరకు వస్తుంది. బీడీ తాగే అన్నలకు ఒక మాట: దుమ్మూ పొగా రెండూ కలిస్తే ఊపిరితిత్తులు ఇంకా త్వరగా పాడవుతాయి. మానేయడానికి సాయం కావాలంటే ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఇంటికి దుమ్ము మోసుకెళ్లకండి

టీ తాగే ముందు సబ్బుతో చేతులు, ముఖం కడగండి, ముక్కు చీది నీళ్లతో పుక్కిలించండి. పని బట్టలు ఇంట్లో దులపకండి. పనిచోటే మార్చుకుని సంచిలో పెట్టి, ఇంటికెళ్లాక విడిగా నీళ్లలో నానబెట్టండి. స్నానం చేశాకే చిన్నపిల్లలను ఎత్తుకోండి. ఇవన్నీ జరగాలంటే హాజరు వేసే వార్డు మస్టర్ దగ్గర నీళ్ల కుళాయి, సబ్బు, బట్టలు మార్చుకునే గది ఉండాలి. చాలాచోట్ల ఆడవాళ్లకు మూత్రవిసర్జనకు కూడా చోటు లేదు. అందుకని నీళ్లే తాగకుండా పనిచేస్తారు. నీళ్లు తాగని గొంతు ఎండిపోయి దుమ్ముకు ఇంకా దగ్గుతుంది.

ఒంటి లెక్క రాసుకోండి

దుమ్ము జబ్బు ఒక్కరోజులో రాదు. అందుకే ఒక చిన్న నోటుబుక్కు కావాలి. నెలకోసారి పిల్లల చేత రాయించండి: దగ్గు ఉందా, కళ్లె ఏ రంగులో పడుతోంది, ఎన్ని మెట్లు ఎక్కితే ఆయాసం వస్తోంది, బరువెంత. సెలవు రోజున తేలికపడి, పనికెళ్లిన రోజున ఎక్కువవుతుంటే ఆ మాట తప్పకుండా రాయండి. డాక్టర్‌కు అది చాలా పెద్ద ఆధారం.

దగ్గు రెండు వారాలు దాటినా, సాయంత్రాలు జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, కళ్లెలో రక్తం కనిపించినా టీబీ పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వ కేంద్రాల్లో పరీక్షా మందులూ ఉచితమే. హైదరాబాద్‌లో అయితే బస్తీ దవాఖానా, మిగతా పట్టణాల్లో పట్టణ ఆరోగ్య కేంద్రం. టీబీ లేదని తేలితే అక్కడితో ఆగిపోకండి. ఎక్స్‌రే బాగుందని చెప్పి పంపేసినా ఆయాసం తగ్గకపోతే స్పైరోమెట్రీ అడగండి. గొట్టంలోకి బలంగా ఊది చూసే పరీక్ష అది. గాలి గొట్టాలు ఇరుకైన సంగతి మొదట్లో ఎక్స్‌రేలో కనిపించదు, ఊదితే తెలుస్తుంది. పనిలో చేరేటప్పుడు ఒకసారి, తర్వాత ఏడాదికోసారి ఇది చేయిస్తే, పడిపోతున్న ఊపిరిని ముందే పట్టుకోవచ్చు.

ఆసుపత్రిలో "ఏం పని?" అని అడిగితే మా అమ్మ "మున్సిపాలిటీ" అనేది. డాక్టర్ ఆఫీసు పని అనుకుని దగ్గు మందు రాసిచ్చేవారు. ఎనిమిదేళ్లు అలాగే గడిచిపోయాయి. మీరు ఒక చీటీ రాయించి పట్టుకెళ్లండి: "నేను పన్నెండేళ్లుగా రోజూ ఆరు గంటలు మెయిన్ రోడ్డు పొడిగా ఊడుస్తున్నాను. కట్టుబడి మట్టి ఎత్తుతాను. నెలకు రెండుసార్లు సున్నం, బ్లీచింగ్ చల్లుతాను. పొగ తాగను. రెండేళ్లుగా ఆయాసం." ఏళ్లు, గంటలు మీవి వేసుకోండి. వంటింట్లో కట్టెల పొయ్యి ఉంటే అది కూడా రాయండి.

అడగాల్సింది, రాతలో

2016 ఘన వ్యర్థాల నిర్వహణ నియమాల్లోనే యూనిఫాం, మెరిసే జాకెట్టు, గ్లౌజులు, రెయిన్‌కోటు, కాళ్లకు తగిన జోళ్లు, మాస్కులు కార్మికులకు అందేలా, వాళ్లు వాడేలా చూసే బాధ్యత స్థానిక సంస్థ మీద పెట్టారు. పని కాంట్రాక్టర్‌ది అని చెప్పి మున్సిపాలిటీ తప్పుకోవడానికి వీల్లేదు. కార్మికుల ఆరోగ్యం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని 1995లో ఆస్బెస్టాస్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఈ పనిలో ఉన్నవాళ్లలో ఎక్కువమంది దళితులు, అందులోనూ ఆడవాళ్లు. నోటితో అడిగితే "చూద్దాం లే" అనిపించుకోవడం వాళ్లకు అలవాటైపోయింది. కాబట్టి కాగితం మీద అడగండి.

జీతం చీటీలో ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ ఆరోగ్య బీమా) కోత ముందు చూసుకోండి. నెల జీతం 21,000 రూపాయల లోపు ఉన్నవాళ్లకు కార్మికుడి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. కోత పడుతూ కార్డు చేతికి రాకపోతే ఇన్సూరెన్స్ నంబరు రాసి ఇమ్మని అడగండి. ఆ నంబరుతోనే ఈఎస్ఐ డిస్పెన్సరీలో చూస్తారు. వృత్తి వల్ల వచ్చే జబ్బుల జాబితాలో సిలికోసిస్ ఉంది. ఛాతీ డాక్టర్ దగ్గర తేలితే ఆ కాగితాలు ఒక్కటి కూడా పారేయకండి.

అర్జీలో గోడు వెళ్లబోసుకోవడం కంటే లెక్క చెప్పండి. మా జట్టులో ఇంతమంది, ఫలానా తేదీ తర్వాత మాస్కులు ఇవ్వలేదు, రోజ్ క్యాన్లు ఇన్ని కావాలి, నీళ్లు పట్టుకునే చోటు ఫలానా కూడలిలో చూపించండి, ఏడాదికోసారి ఊపిరి పరీక్ష పెట్టించండి. ఒక్కరే సంతకం పెడితే ఆ ఒక్కరినే వేరే రూట్‌కు మారుస్తారు. జట్టంతా పెట్టండి, వేలిముద్రలైనా సరే. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకటి ఆఫీసులో కాగితాలు తీసుకునే ఇన్‌వార్డులో ఇచ్చి, రెండోదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ముద్ర వేసిన కాపీని, రేషన్ కార్డు, ఆధార్ దాచుకునే కవరులోనే నోటుబుక్కుతో కలిపి పెట్టండి. పదిహేను రోజులకు జవాబు రాకపోతే అదే కాపీ పట్టుకుని కమిషనర్ ఆఫీసుకు వెళ్లండి.